పదిహేడో చీటీ

నిఘంటు కార్యాలయం, రెండో అంతస్తు
ఫిబ్రవరి 6

చిరంజీవి చెల్లాయికి,
అన్నయ్య ఆశీస్సులు.

నేను క్షేమం. క్షేమంగా లేనిది ఈ కార్యాలయమే. కొత్తగా వచ్చిన ప్రధాన సంపాదకురాలు వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, పెత్తనంలో నలభై ఏళ్ళు పెద్ద. వచ్చిన వారంలోనే వాడుక వాక్యాలు రాసిన చీటీల బీరువాలన్నీ తెరిపించి, లెక్క పెట్టించి, సొరుగు సొరుగుకీ ఒక జాబితా అంటించింది. మాటల రుచి తెలియని వాళ్ళకి మాటల లెక్కయినా కావాలి కదా. ఆవిడకి నేను "కొలబద్ద" అని పేరు పెట్టాను. టైపిస్టమ్మ నవ్వింది. ఈ భవనంలో నవ్వడం గుర్తున్న మనిషి ఆవిడ ఒక్కతే.

జులై ఆఖరుకి నా ఉద్యోగం పూర్తవుతుంది. చిట్టచివరగా నా బల్ల మీదికి వచ్చిన పదం "అనుమతి". ఎంత అందమైన పదమో చూడు. మతి అంటే ఆలోచన, అను అంటే వెంట. అడిగేవాడి ఆలోచన ముందు నడుస్తుంది, ఇచ్చేవాడి ఆలోచన దాని వెనకాల నడుస్తుంది. పున్నమికి ఒక్క కళ తక్కువైన చంద్రుడు వచ్చే తిథికి కూడా పాతకాలంలో ఇదే పేరు. మన సొంత మాట "సెలవు" చూస్తే, పోవడం, చెల్లడం అనే ధాతువులోంచి వచ్చింది. ఇదంతా ఎవడికి కావాలి? ఇక్కడ గుమాస్తా దగ్గర్నుంచి కొలబద్ద దాకా అందరి నోటా "పర్మిషన్" ఒక్కటే మాట. లాటిన్‌లో దానికి ఒకదాని గుండా అవతలికి పంపించడం అని అర్థం. గొర్రెల దొడ్డి తలుపుకి సరిపోయే మాటని పొద్దస్తమానం నములుతూ తిరుగుతారు.

నీతో ఒక చిన్న పని పడింది. ఈ పదం కింద ఉన్న వాడుక వాక్యాల్లో ముప్పై ఒకటి మన ఇంటి ఉత్తరాల్లోంచి నేను ఎత్తి రాసినవి. సొంత ఉత్తరాల్లోని వాక్యం అచ్చు వేయాలంటే ఆ ఇంటివాళ్ళ అనుమతి రాతపూర్వకంగా ఉండాలని కొలబద్ద రూలు తవ్వి తీసింది. సేకరించినవాడి సంతకం చెల్లదట. అమ్మా నాన్నా లేరు కాబట్టి మిగిలింది నువ్వే. కాగితం దీనితో పంపుతున్నాను. కింద సంతకం పెట్టి తిరుగు టపాలో పంపెయ్యి. చదవాల్సిందేమీ లేదు.

మీ ఫ్యాక్టరీలో ఈ మాటని ఎలా వాడతారో కూడా ఓ నాలుగు ముక్కలు రాయి. వాడుక భాష కోసం పనికొస్తుంది.

ఇట్లు,
అన్నయ్య


గేటు గది, సబ్బుల ఫ్యాక్టరీ
ఫిబ్రవరి 15

అన్నయ్యా,

గొర్రెల దొడ్డి తలుపు దగ్గర కూర్చునే మనిషిని, నన్ను అడిగి మంచి పని చేశావు.

ఇక్కడ పర్మిషన్ అంటే రెండు గంటలు. సెలవు అంటే రోజు. అనుమతి అన్నది గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది, లేనిదే లోపలికి రాకూడదని. ఆ మాటని నోటితో అన్న మనిషిని పద్దెనిమిదేళ్ళలో నేను చూడలేదు. "కాస్త పోనివ్వండమ్మా" అంటారు. నీ పుస్తకంలో ఇంతమంది జనం వాడే మాటకి చోటు ఉందో లేదో.

మొన్న ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె పంటి నొప్పితో వచ్చింది. చెంప బూరెలా వాచింది. సూపర్‌వైజరు ఆమె చేత ఆ నొప్పి కథ మూడుసార్లు చెప్పించుకున్నాడు, ప్రతిసారీ ఇంకా కొంచెం వివరంగా. తర్వాత గంటన్నరకి సంతకం పెట్టాడు, రెండు గంటలు అడిగితే. అతని మతి ఆమె వెంట నడిచిన జాడ నాకేమీ కనపడలేదు. అది కుర్చీలోనే కూర్చుని పళ్ళు కుట్టుకుంటోంది. మీ రెండో అంతస్తులో మాటలు ఎంత బాగా నడుస్తాయో, కింద మనుషులు అంత బాగా నిలబడి ఉంటారు.

ఇక సంతకం. చదవాల్సిందేమీ లేని కాగితం మీద నేను సంతకం పెట్టనని నీకు తెలియదా? నా ఉద్యోగమే అది. ముప్పై ఒక్క చీటీలూ చూపించు. మన ఇంటి మాటలు ఏం ఎత్తుకుపోయావో నేనూ చూస్తాను. నాన్న నిన్ను తిట్టిన తిట్లు కూడా వాడుక కింద వేశావేమో.

మీ బావకి మోకాలు నొప్పి తగ్గింది. కుట్టు మిషను మళ్ళీ తొక్కుతున్నాడు.

చెల్లెలు


నిఘంటు కార్యాలయం
మార్చి 3

చిరంజీవి చెల్లాయికి,

నువ్వు రాసిన పర్మిషన్ల పురాణం కొలబద్దకి చూపించాను. "ఇది మీరు రాసినదానికంటే ఉపయోగంగా ఉంది" అంది. ఆవిడ స్థాయి అది. రెండు గంటలంటే పర్మిషన్, రోజంటే సెలవు అని నిఘంటువులో వేస్తే రేపు కూరగాయల ధరలు కూడా వేయాలి.

నువ్వు అడిగావని ముప్పై ఒక్క చీటీలూ ఫోటోకాపీ తీయించి పంపుతున్నాను. ఒక ఆడపిల్లకి సొంత అన్నయ్య మీద ఇంత నమ్మకం ఉండటం చూస్తే ముచ్చటేస్తోంది. చీటీల మీద రాత చూడగానే నీకే గుర్తొస్తుంది. అన్నీ నీ చేతిరాతే. నేను తాత్కాలికంగా చేరిన ఆ నాలుగేళ్ళూ ఆదివారం మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని నువ్వు ఎత్తి రాసినవి. నేను వాక్యాలు ఒక కాగితం మీద గీకి ఇచ్చేవాణ్ణి, నువ్వు చీటీల ముందువైపు రాసేదానివి, వెనకవైపు అవి ఎక్కడివో నేను వేసుకునేవాణ్ణి. ఆ ముత్యాల్లాంటి అక్షరాలు చూసి కొలబద్ద కూడా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

వెనకవైపులు పంపలేదు. అక్కడ నంబర్లు తప్ప ఏమీ ఉండవు.

మార్చి ఆఖరులోగా నీ సంతకం రాకపోతే ఈ ముప్పై ఒకటీ తీసేస్తారు. అప్పుడు నా పదం కింద మిగిలేవి ఆరే ఆరు. ఇరవై తొమ్మిదేళ్ళ కొలువు ఆరు వాక్యాలతో ముగుస్తుంది. నీకు అర్థమవుతోందా?

అన్నయ్య


గేటు గది
మార్చి 14

అన్నయ్యా,

చీటీలు చేరాయి. టిఫిను వేళలో ఒక్కొక్కటే తీసి చదువుతున్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను కొన్నిచోట్ల. "నీ అనుమతి లేకుండా నీ చొక్కా వేసుకున్నాను, క్షమించు" అని చిన్న మామయ్య నాన్నకి రాశాడా? ఆ చొక్కా ఆయన తిరిగి ఇవ్వనేలేదు, ఆ సంగతి కూడా చీటీలో వేయాల్సింది. పిన్ని రాసిన పెళ్ళి ఉత్తరం చదివితే ఏడుపొచ్చింది. ఆమె ఉత్తరం ఇన్నేళ్ళూ నీ సొరుగులో ఉందని నాకెందుకు చెప్పలేదు?

పదిహేడోది మాత్రం మింగుడు పడలేదు. "సంరక్షకుని అనుమతి పత్రము ఇరువది దినములలోగా అందనిచో అభ్యర్థి ఎంపిక రద్దగును." మన ఇంట్లో ఎవరు మాట్లాడతారు ఇలా? నాన్నకి కోపమొచ్చినా "రద్దగును" అనేవాడు కాదు. రాత నాదే. కానీ ఎప్పుడు రాశానో గుర్తు లేదు. ఆ రోజుల్లో నువ్వు ఏం ఇస్తే అది గుడ్డిగా రాసిపారేసేదాన్ని, బుర్ర పెట్టి చదివింది ఎప్పుడు?

వెనకవైపు పంపు. నా దగ్గరికి వచ్చే ప్రతి పాసూ తిప్పి చూస్తాను. ముందువైపు ఎందుకు వెళ్తున్నారో ఉంటుంది, నిజంగా ఎప్పుడు వెళ్ళారో వెనకవైపు ఉంటుంది. ముందువైపు అందరూ చక్కగానే రాస్తారు.

ఇవాళ పడమట మబ్బు పట్టింది. షిఫ్టు వదిలే లోపు వాన వస్తుందని ప్యాకింగ్ వాళ్ళకి చెప్పాను. వాళ్ళు నా మాట నమ్మి కవర్లు తెచ్చుకుంటారు. నీకంటే వాళ్ళు నయం.

చెల్లెలు


నిఘంటు కార్యాలయం
మార్చి 22

చెల్లాయికి,

పదిహేడో చీటీ ఏదో సర్కులర్‌లోంచి తీసినది, పొరపాటున ఇంటి ఉత్తరాల కట్టలో కలిసింది. దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. అనుమతి అనే పదానికి నాలుగు అర్థాలు ఉన్నాయి. ఒకటి అంగీకారం, రెండు సమ్మతి, మూడు ఆమోదం, నాలుగోది పైవాడు కిందివాడికి ఇచ్చేది. అనుజ్ఞ అన్నది తెలుసుకోవడం మీద నిలబడిన పదం, అనుమతి ఆలోచించడం మీద నిలబడినది. ఈ తేడాని సామాన్య పాఠకుడు ఎప్పుడూ పట్టించుకోలేదు, పట్టించుకోడు కూడా. నాలుగో అర్థం గురించి నేను రెండు పేజీలు రాశాను. వీలైతే పంపుతాను, చదివి ఆనందించు.

సంతకం త్వరగా పంపు. కొలబద్ద రోజూ అడుగుతోంది. గడువు ఇంకో నెల పొడిగించమని ఆవిడని బతిమాలుకున్నాను. జీవితంలో ఎవరినీ ఏదీ అడగనివాణ్ణి.

అన్నయ్య


మే 4

అయ్యా,

మీరు వెనకవైపులు పంపలేదు కాబట్టి నేను మీ టైపిస్టు గారికి రాశాను. అనుమతి ఇచ్చే మనిషికి చీటీ రెండు వైపులా చూపించాలని మీ రూలులోనే ఉందట. ఆమె సంపాదకురాలిని అడిగి, ముప్పై ఒకటికీ వెనకవైపు కాపీలు తీసి పంపింది. కవరు మీద స్టాంపులు కూడా అందంగా అంటించింది. మీ కార్యాలయంలో పని తెలిసిన వాళ్ళు ఉన్నారని సంతోషించాను.

పదిహేడో చీటీ వెనకవైపు మీ కోడిగీతల్లో ఉన్నది ఇది. నేను ముమ్మారు చదివి, అచ్చు అలాగే ఎత్తి రాస్తున్నాను.

"మూలం: కొండమీది వాతావరణ పరిశీలన కేంద్రం, శిక్షణ విభాగం నుంచి ఉత్తరం. అందుకోవలసినవారు: సేకర్త చెల్లెలు. ఉత్తరం తేదీ జూన్ 2. సేకరించిన తేదీ జూన్ 6."

ఏడాది కూడా ఉంది, ఆ శిక్షణకి నేను పరీక్ష రాసిన ఏడాదే. నాకు ఇరవై ఏళ్ళు. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. సంరక్షకుడు మీరే.

ఆ జూన్ మొదట్లో ఒక రోజు మీరు వరండాలో నా ఎదురుగా కూర్చుని, మీ చెప్పులు విప్పుకుంటూ, ఫలితాల జాబితా టౌన్లో అంటించారని, మీరే స్వయంగా చూశారని చెప్పారు. నా పేరు లేదన్నారు. లెక్కల్లో వందకి పదకొండు వచ్చాయన్నారు. ఎంత కచ్చితమైన మనిషండీ మీరు. పది అంటే నేను అనుమానించేదాన్నేమో. అమ్మ వంటింట్లోంచి వచ్చి, పోనీలే, ఆడపిల్లకి లెక్కలు ఎందుకు అంది. మీరు నా వీపు నిమిరారు.

జూన్ 6న చీటీ. అంటే గడువులో ఇంకా పదహారు రోజులున్నాయి. ఆ ఆదివారం మీరు వాక్యాల కాగితం నా ఒళ్ళో పెట్టి రాయమన్నారు. నేను రాశాను. నా ఎంపిక రద్దు అవుతుందని నా చేత్తోనే, గుండ్రంగా, కొట్టివేత లేకుండా.

ఈ ఫ్యాక్టరీలో నన్ను రెండుసార్లు కొలతల గదికి రమ్మన్నారు. పాళ్ళు లెక్కకట్టే పని, కూర్చుని చేసేది, గేటు ఎండా వానా ఉండవు. రెండుసార్లూ నాకు లెక్కలు రావని చేతులు జోడించి వద్దన్నాను. నిన్న మా ఇంట్లో మీ బావ నా చేత ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో నాలుగు లెక్కలు చేయించాడు. నాలుగూ వచ్చాయి. అతను పుస్తకం మూసి బయటికి వెళ్ళిపోయాడు, నా ముఖం చూడలేక.

మీ సమాధానం కోసం ఎదురుచూస్తున్నాను.

గేటు గుమాస్తా


నిఘంటు కార్యాలయం
మే 17

ప్రియమైన చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మంచినీళ్ళు కూడా సహించలేదు. ఆ "అయ్యా" ఒక్కటి చాలు. ఇంత మాట అన్నావంటే నీ మనసు ఎంత గాయపడిందో నాకు అర్థమైంది.

అప్పటి పరిస్థితులు ఒకసారి గుర్తు తెచ్చుకో. నాన్న లేరు. అమ్మకి ఆయాసం. ఆ కేంద్రం కొండమీద ఉంది, బస్సు దిగి రెండు గంటలు నడవాలి. నలుగురు మగాళ్ళు, ఒక గది, గాలికి ఊగే రేకులు. ఇరవై ఏళ్ళ పిల్లని అక్కడికి పంపించి నేను నిద్రపోగలనా? నేను ఆపింది నిన్ను కాదు, నీ ప్రమాదాన్ని. పదకొండు అని చెప్పింది కూడా నీ బాధ ఒక్కసారిగా తెగిపోవాలనే. ఎంపికయ్యావని చెప్పి వద్దంటే జీవితాంతం కుమిలిపోయేదానివి. రాలేదని తెలిస్తే మర్చిపోతావు. మర్చిపోయావు కూడా. తర్వాత నీ బతుకు బాగానే గడిచింది, మంచి భర్త, ఉద్యోగం. ఎవరు చూసినా నీకేం తక్కువ అంటారు.

వాతావరణం చూసి చెప్పడం గొప్ప విద్య ఏమీ కాదు. ఇప్పుడు అదంతా యంత్రాలే చేస్తున్నాయి. ఆ కేంద్రం మూసేసి పదేళ్ళయింది. నువ్వు వెళ్ళి ఉంటే ఈపాటికి రోడ్డున పడేదానివి.

సంరక్షకుడు అన్నాక నిర్ణయాలు తీసుకోవాలి. అందరికీ నచ్చే నిర్ణయాలు తీసుకునేవాణ్ణి సంరక్షకుడు అనరు.

అన్నయ్య


గేటు గది
మే 29

అన్నయ్యా,

"అయ్యా" అని పిలిస్తే నీకు మంచినీళ్ళు సహించలేదని రాశావు కాబట్టి మళ్ళీ అన్నయ్యా అంటున్నాను. నీళ్ళు తాగు.

ఒక్క అబద్ధం చాలదని ఎన్ని పేర్చావు? కొండమీదికి బస్సు నేరుగా వెళ్ళేది, దరఖాస్తు ఇవ్వడానికి నేనే వెళ్ళొచ్చాను. ఆడవాళ్ళకి వేరే వసతి ఉంది, అక్కడ పనిచేసే ఒకావిడ నాకు మబ్బుల పటం చూపించి టీ ఇచ్చింది. ఆ సంగతి ఆ రోజే వచ్చి నీకు చెప్పాను. నువ్వు నవ్వి, ఆకాశం చూసి జోస్యం చెప్పే వాళ్ళకి కూడా పరీక్షలేనా అన్నావు. నా ప్రమాదం గురించి ఆ రోజు నీకు ఒక్క మాట తోచలేదు. ఇరవై తొమ్మిదేళ్ళకి తోచింది.

అమ్మ పేరు ఎత్తకు. అమ్మ పోయేముందు రోజు కూడా పక్కింటావిడతో మా అమ్మాయికి అన్నీ వచ్చు, లెక్కలు ఒక్కటే రావు అని చెప్పింది. ఆ మాటతోనే పోయింది. నువ్వు అక్కడే స్టూలు మీద కూర్చుని పళ్ళరసం తాగుతున్నావు.

నువ్వు ఎవరినీ దేన్నీ అడగలేదని గొప్పగా రాశావు. నిజమే, నువ్వు అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు బల్ల ముందు కూర్చుని ఒక మాటకి నాలుగు అర్థాలు తీశావు, ధాతువులు తవ్వావు, చంద్రుడి దాకా వెళ్ళావు. పక్క గదిలో ఉన్న మనిషి ఆలోచన వెంట నాలుగు అడుగులు నడవలేకపోయావు. నీ అంత చదువుకున్న దద్దమ్మని నేను చూడలేదు.

నాకు ఒక్కటే కావాలి. ఎందుకు చేశావో రాయి. నా మంచి కోసం అని ఇంకోసారి రాస్తే కవరు విప్పకుండా వెనక్కి పంపుతాను. ఇంకొకటి కూడా చెప్పు. ఉత్తరం దాచాలనుకున్నవాడివి చించి పొయ్యిలో పెట్టక, దాన్ని చీటీ చేసి బీరువాలో ఎందుకు పెట్టావు?

చెల్లెలు


నిఘంటు కార్యాలయం
జూన్ 25

చెల్లాయ్,

ఈ ఉత్తరం ఐదుసార్లు రాసి చించాను. ఇది ఆరోది.

ఉత్తరం చించి పొయ్యిలోనే పెట్టాను. కానీ అంతకుముందు ఆ వాక్యం చదివాను. ఒకరి బతుకు గురించి ఇంకొకరు ఇచ్చే అనుమతి అనే ఆ నాలుగో అర్థానికి అప్పటికి మా బీరువాలో ఒక్క చీటీ కూడా లేదు. నేను చేరిన రోజే అప్పటి సంపాదకుడు పెద్దాయన చెప్పాడు, మంచి వాక్యం చేతికొస్తే వదలొద్దని, మూలం రాయని చీటీ దొంగ చీటీ అని. చేయి ఊరుకోలేదు. వాక్యం ఎత్తి నీ కాగితంలో కలిపాను. వెనకాల మూలం వేశాను. అబద్ధం మూలం వేయడం నాకు చేతకాలేదు. నీకు అబద్ధం చెప్పడం మాత్రం చేతనైంది.

ఎందుకు చేశానో రాస్తున్నాను. రోజుకి నలభై చీటీలు ఇవ్వాలి అప్పుడు. నా రాత ఎవరికీ అర్థమయ్యేది కాదు, నేను చేరిన మొదటి నెలలోనే రెండు వందలు తిప్పికొట్టారు. నువ్వు రాయడం మొదలుపెట్టాక ఒక్కటీ తిరిగి రాలేదు. పెద్దాయన ఆ అక్షరాలు నావే అనుకున్నాడు. నేను కాదనలేదు. ఆగస్టులో నా ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అని చూస్తారు. నువ్వు జూన్‌లో వెళ్ళిపోతే చీటీలు ఎవరు రాస్తారు? అంతే. ఇంకేమీ లేదు. ఎంత వెతికినా ఇంకేమీ దొరకలేదు.

ఇప్పుడు సంగతి విను. కొలబద్ద పదిహేడో చీటీ చూసింది. నాలుగో అర్థానికి దీనికంటే మంచి వాక్యం లేదని, కచ్చితంగా వేయాలని, గడువు జులై పది దాకా జరిపి మరీ పట్టుబట్టింది. సొంత ఉత్తరం కాబట్టి మూలం సంక్షేపంగా వేయకూడదట, వెనకవైపు ఉన్నదంతా అచ్చులో రావాలట. సేకర్తగా నా పేరుతో. నంబరు పడిన చీటీని తీసే అధికారం నాకు లేదు. అనుమతి ఇవ్వాల్సిన మనిషి నిరాకరిస్తే మాత్రం తీయాల్సిందే.

జులై ముప్పైన నాకు వీడ్కోలు సభ. ఆ రోజు సంపుటం బల్ల మీద పెడతారు. అందరూ ఆ పేజీయే తెరుస్తారు.

చెల్లాయ్, ముప్పై చీటీలకి సంతకం పెట్టు. ఆ ఒక్కదానికి పెట్టకు. నిరాకరిస్తున్నానని ఒక్క ముక్క రాస్తే చాలు. నా బతుకులో నిన్ను అడిగేది ఇదొక్కటే. నీకు దండం పెడతాను.

అన్నయ్య


గేటు గది
జులై 9

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. గేటు దగ్గర లారీ ఆగి హారన్ కొడుతుంటే కళ్ళు తుడుచుకుని పాసు రాశాను. రెండోసారి చదివితే అసహ్యం వేసింది. ఇంతా చేసి, చేతిరాత కోసమా? నువ్వు నన్ను ద్వేషించి చేశావంటే దానికో బరువు ఉండేది. ఒక నెల కూర్చుని అక్షరాలు దిద్దుకుంటే సరిపోయేదానికి నా బతుకు వాడుకున్నావు.

కొలతల గది గురించి నిన్న మేనేజరుని అడిగాను. ఆ చోటు పోయిన ఏడాదే నిండిందని, ఇక నా వయసుకి కష్టమని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. పైకి మెట్లు ఎక్కినప్పుడు ఉన్న గుండెదడ దిగేటప్పుడు లేదు.

మీ బావ నన్ను వద్దన్నాడు. పెద్దవాడు, కొలువు దిగిపోయే రోజున పరువు తీయకు, ఆ ఒక్క చీటీ వదిలెయ్ అన్నాడు. అతను మంచివాడు, నీ మీద జాలి పడగలడు. నేను పడలేకపోతున్నాను. ప్రయత్నించి చూశాను.

ముప్పై చీటీలకి అనుమతి ఇవ్వడం లేదు. నాన్న, పిన్ని, చిన్న మామయ్య ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, మీ బీరువాకి రాయలేదు. మీ దగ్గరున్న అసలు ఉత్తరాలన్నీ మూట కట్టి నాకు పంపమని సంపాదకురాలికి రాశాను. పంపుతానని టైపిస్టమ్మ ఫోను చేసి చెప్పింది కూడా.

పదిహేడోదానికి ఇచ్చాను. ముందూ వెనకా, రెండు తేదీలూ, చెల్లెలన్న వరసా, సేకర్త పేరూ, ఒక్క అక్షరం తగ్గకుండా వేయమని రాశాను. ఎత్తి రాసింది సేకర్త చెల్లెలే అని ఒక వాక్యం చేర్చమన్నాను. అది కూడా మీ రూలు ప్రకారం వేయొచ్చట.

కాగితం సోమవారమే రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళిపోయింది. నిన్ను ఒక మాట అడిగి పంపాలని నాకు తోచనే లేదు.

చెల్లెలు